డ్రాయింగ్ సార్ లేని సభ

మొన్న జనవరిలో పట్నం పోయి వచ్చినప్పటి నుంచి నా మనసు కుదురుగా లేదు. ఒంట్లో బాగలేదా అని మా ఇంటామె రెండుసార్లు అడిగింది. ఒంటికేం కాలేదు. చూసి వచ్చింది నలుగురికీ చెప్పుకుంటే గానీ తేలికపడేట్టు లేదు, అందుకే రాస్తున్నాను.

నేను పోతిరెడ్డిపల్లిలో పుట్టినవాణ్ని. 1978 నుంచి 2011 దాకా సంగారెడ్డి చుట్టుపక్కల సర్కారు బళ్లలో డ్రాయింగ్ మాస్టరుగా చేశాను. ఇప్పటికీ చౌరస్తాలో టీ కొట్టు దగ్గర నిలబడితే పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ, 'డ్రాయింగ్ సార్' అనేవాళ్లే ఎక్కువ. నా దగ్గర ఆరో తరగతిలో కుండ బొమ్మ గీయడం నేర్చుకున్న పిల్లవాడొకడు ఇప్పుడు పట్నంలో పెద్ద సభలకు ఏర్పాట్లు చేసే ఉద్యోగంలో ఉన్నాడు. వాడు ఫోన్ చేశాడు. "సార్, కళారంగం పెద్దలు దేశదేశాల నుంచి వస్తున్నరు. యేటేటా జరిగే సభ. మీరు తప్పకుండ రావాలె సార్, పాసు నేను పెట్టిస్త" అన్నాడు. గుర్తుపెట్టుకుని పిలిచాడన్న సంతోషంతో ఇస్త్రీ చొక్కా వేసుకుని పోయాను.

రెండు రోజులు కూర్చున్నాను. వచ్చినవాళ్లంతా చదువుకున్నవాళ్లు, మర్యాద తెలిసినవాళ్లు. గ్యాలరీలు నడిపేవాళ్లు, మ్యూజియంల డైరెక్టర్లు, బొమ్మలు కొని దాచుకునేవాళ్లు, వేలంపాటల సంస్థలవాళ్లు, క్యూరేటర్లు. ప్రసంగాలన్నీ ఇంగ్లిషులో. నాకు ఇంగ్లిషు అర్థమవుతుంది. మార్కెట్ అన్న మాట ఆ రెండు రోజుల్లో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. గీత అన్న మాట ఒక్కసారీ వినలేదు. రంగు ఎట్లా నూరుతారు, గుడ్డ ఎట్లా సిద్ధం చేస్తారు, చెయ్యి ఎన్నేళ్లకు కుదురుతుంది, ఇవి ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

రెండో రోజు మధ్యాహ్నం జానపద చిత్రకళ భవిష్యత్తు మీద చర్చ పెట్టారు. వేదిక మీద ఐదుగురు. ఆ ఐదుగురిలో కుంచె పట్టుకుని బతికే మనిషి ఒక్కరూ లేరు. బయట వరండాలో మాత్రం చేర్యాల పటాలు గీసే నకాషీ కుటుంబపాయన ఒకరు చిన్న బల్ల వేసుకుని కూర్చున్నారు. బల్ల మీద తాళంచెవుల గొలుసులు, ఫోన్ కవర్లు, అరచేతిలో పట్టే మాస్కులు. లోపల మైకుల్లో మాట్లాడుతున్నది ఆయన పని గురించే. ఆయన మెడలోని కార్డు మీద 'స్టాల్' అని ఉంది. ఆ కార్డుతో హాల్లోకి రానివ్వరు.

నేను బయటికొచ్చి ఆయన పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను.

"పటం తెచ్చినవా అన్నా?" అని అడిగాను.

"తెచ్చిన సారూ. కింద చుట్టి పెట్టిన. ముప్పై అడుగులున్నది. ఇక్కడ ఏడ పరుస్తం? గోడకు మేకు కొట్టనియ్యరు."

"ఏ పటం?"

"కూనపులోళ్లది. మార్కండేయ పురాణం. మా తాత గీసిండ్రు."

పద్మశాలీలకు వాళ్ల కులకథ చెప్పేవాళ్లు కూనపులివాళ్లు. గౌడులకు ఏనూటివాళ్లు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు, గొల్లలకు మందెచ్చులవాళ్లు. ఒక్కో కులానికి ఒక్కో కథ, ఆ కథకో పటం, ఆ పటం ముందు రాత్రంతా పాట. అంత పొడుగు గుడ్డ మీద ఒకదాని కింద ఒకటి గళ్లుగా బొమ్మలు వచ్చేది అందుకే. కథ చెప్పేవాడు పటం చుట్ట విప్పుకుంటూ, కట్టెతో ఒక్కో బొమ్మ చూపించుకుంటూ పోవాలి. ఖద్దరు గుడ్డకు చింతగింజల అంబలి, సుద్దమట్టి, తిరుమణి బంక కలిపి పూతల మీద పూతలు వేసి ఆరబెడితే అది తోలులా గట్టిపడుతుంది. తర్వాత గీత, ఎర్రటి నేల, ఆ మీద మిగతా రంగులు. ఈ సంగతులన్నీ ఆయనకు చేతివేళ్లలో ఉన్నాయి. లోపల ఐదుగురిలో ఒకరు 'చేర్యాల ఒక బ్రాండ్‌గా' అంటూ ఉండగా, ఆ చేర్యాల పని చేసే మనిషి నాతో ఫోన్ కవరుకు ఎంత మిగులుతుందో చెబుతున్నారు.

నేను మళ్లీ లోపలికి పోయి, ప్రశ్నలు అడగమన్నప్పుడు లేచి తెలుగులోనే అడిగాను. బయట కూర్చున్నాయన్ని ఈ వేదిక మీదికి పిలిచి, ఆయన పటం ఇక్కడ పరిపించి, ఆయన చెప్పేది విని, ఆ తర్వాత భవిష్యత్తు మాట్లాడుకుంటే బాగుండేది కదా అన్నాను. చర్చ నడిపిస్తున్నామె నా మాట ఇంగ్లిషులోకి మార్చి చెప్పి, మంచి సూచన అని, టైం అయిపోయిందని ముగించింది. ఆమె మీద నాకు కోపం లేదు. ఆమె ముందున్న కాగితంలో ఆ చర్చకు నలభై నిమిషాలే రాసి ఉన్నాయి. ఆ కాగితం తయారుచేసిన ఆలోచన మీదే నా కోపం.

మా రోజుల్లో కూడా యేటా ఒక సభ ఉండేది. దానికి సభ అన్న పేరు లేదు. డ్రాయింగ్ మాస్టరు కావాలంటే మొదట లోయర్ పరీక్ష, తర్వాత హయ్యర్, ఆ పైన ఎండాకాలంలో నలభై రెండు రోజుల టీటీసీ శిక్షణ. రాష్ట్రం నలుమూలల నుంచి వచ్చినవాళ్లం ఒక బడిలో దిగేవాళ్లం. రాత్రి వరండాలో చాపలు వేసుకుని పడుకునేవాళ్లం. కరీంనగర్ నుంచి వచ్చినాయన నాగలి గీసి చూపిస్తే, గుంటూరు నుంచి వచ్చినాయన ఇది మా నాగలి కాదు అని తన నాగలి గీసేవాడు. ఆ రెండు నాగళ్ల మధ్య మాకు రెండు నేలలు కనపడేవి. సాయంత్రాలు పెద్ద చిత్రకారులు ఎవరైనా వచ్చేవారు. వచ్చినవాళ్లు ముందు ఉపన్యాసం ఇచ్చేవాళ్లు కాదు. బోర్డు దగ్గరికి పోయి సుద్దముక్క పట్టుకునేవాళ్లు. ఒక మనిషి తల ఎటు తిరిగిందో ఒక్క గీతలో పట్టడం మా కళ్ల ముందే జరిగేది. మాట్లాడటం ఆ తర్వాత, టీ తాగుతూ.

కళారంగం పెద్దలు అంటే ఎవరని మమ్మల్ని అప్పుడు అడిగి ఉంటే, మేం ఇద్దరి పేర్లు చెప్పేవాళ్లం. ఇద్దరూ మా ఉమ్మడి మెదక్ జిల్లావాళ్లే.

ఒకరు సిద్దిపేట కాపు రాజయ్య గారు. 1925లో పుట్టి 2012లో పోయారు. బతుకమ్మ, బోనాలు, ఎల్లమ్మ జోగి, కల్లు ముంతలు, గొల్లవాళ్లు, అన్నీ ఆయన బొమ్మల్లో ఉన్నాయి. నకాషీ గీతను చదివి, దాన్ని తన గీతగా చేసుకున్నారు. ఆయన బొమ్మలు దేశం దాటి పోయాయి. ఆయన బడిలో డ్రాయింగ్ మాస్టరు. 1963లో సిద్దిపేటలోనే లలిత కళా సమితి పెట్టారు, పట్నంలో కాదు. మేం కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో తోటి టీచర్లు డ్రాయింగ్ పీరియడ్‌ను ఆటల పీరియడ్‌తో జమకట్టి మాట్లాడితే, మేం ఎదురు చెప్పడానికి ఆయన పేరు ఒక్కటి చాలేది.

ఇంకొకరు లక్ష్మా గౌడ్ గారు. 1940లో మెదక్ జిల్లా నిజాంపురంలో పుట్టారు. పట్నం ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో చదివి, 1963లో బరోడా పోయి కె.జి. సుబ్రహ్మణ్యన్ దగ్గర నేర్చుకున్నారు. తిరిగొచ్చి టీవీ కేంద్రంలో గ్రాఫిక్ డిజైనర్‌గా చేశారు, ఆ తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సరోజినీ నాయుడు స్కూలుకు డీన్ అయ్యారు, 2016లో పద్మశ్రీ వచ్చింది. ఆయన మేకలు, ఆయన చెట్లు, ఆయన ఆడామగా, అంతా మా నేలే. నేను ఆయన ఎచింగ్‌లు మొదటిసారి చూసినప్పుడు మా ఊరి మనుషులు యాసిడ్‌లో మునిగి లేచి వచ్చినట్టు అనిపించింది.

ఎచింగ్ అంటే ఏమిటో పిల్లలకు చెప్పడం నాకు ఇష్టమైన పాఠం. జింకు రేకును నున్నగా రుద్దుతారు. దాని మీద మైనం లాంటి పూత పూస్తారు. ఆ పూత మీద సూదితో బొమ్మ గీస్తారు. సూది పోయిన చోట లోహం బయటపడుతుంది. రేకును నైట్రిక్ యాసిడ్ కలిపిన నీళ్లలో ముంచితే పూత ఉన్న చోటును యాసిడ్ ముట్టదు, గీత ఉన్న చోటును తింటుంది. ఎంతసేపు ఉంచితే అంత లోతు, ఎంత లోతైతే అంత నలుపు. తర్వాత పూత కడిగేసి, సిరా పట్టించి, పైన తుడిచేస్తే లోతుల్లోనే సిరా మిగులుతుంది. తడి కాగితం పరిచి రోలరు కింద తోస్తే బొమ్మ కాగితం మీదికి వస్తుంది, కుడి ఎడమలు తిరగబడి. ఈ పాఠం చెబుతుండగా ఒకసారి వెనక బెంచీ పిల్లవాడు లేచి, "మా నాయిన పనిచేసే కాడ గూడ గట్లనే యాసిడ్ల ముంచుతరు సార్, చెయ్యి పడితే తోలు పోతది" అన్నాడు. వాళ్ల నాన్న పటాన్‌చెరులో ప్లేటింగ్ షాపులో పని. క్లాసు మొత్తం వాడి వైపు తిరిగింది. అంతకుముందు ఎప్పుడూ నోరెత్తని పిల్లవాడు ఆ రోజు యాసిడ్ వాసన, పొగ, రబ్బరు చేతి తొడుగులు అన్నీ వివరించాడు. కళ అన్నది ఎక్కడో ఢిల్లీలో పుట్టదని, తన తండ్రి చేతి పనికి కూడా అందులో చుట్టరికం ఉందని వాడికి ఆ రోజు తెలిసింది.

ఈ ప్రాంతంలో అసలు డ్రాయింగ్ మాస్టరు చేసిన పని ఏమిటో బయటివాళ్లకు తెలియదు. 1960లలో రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్ వచ్చింది. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్. ఆ తర్వాత వరుసగా కంపెనీలు, 1980లలో ఎద్దుమైలారంలో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ. వీటన్నిటిలో ఫిట్టర్, టర్నర్, ప్యాటర్న్ మేకర్, డ్రాఫ్ట్స్‌మన్ కావాలి. వీళ్లంతా కాగితం మీది గీతను చూసి వస్తువును ఊహించాలి. పైనుంచి చూస్తే ఎట్లా ఉంటుంది, పక్క నుంచి చూస్తే ఎట్లా ఉంటుంది, కోస్తే లోపల ఎట్లా ఉంటుంది. మా బళ్లో కుండను ముందు పెట్టి, దాని మూతిని గుండ్రంగా కాక కోలగా ఎందుకు గీయాలో ఆరో తరగతిలో చెప్పేవాళ్లం. ఆ కోల అర్థమైన పిల్లవాడికి ఐటీఐలో బ్లూప్రింట్ బెదురు పుట్టించేది కాదు. నా పిల్లల్లో చిత్రకారులైనవాళ్లు ఐదారుగురు ఉంటారేమో. మంచి పనివాళ్లైనవాళ్లు వందల్లో ఉన్నారు. ఒకడు ప్యాటర్న్ షాపులో చెక్కతో పంపు బాడీ నమూనా చెక్కి, నన్ను కంపెనీ గేటు దాకా పిలిపించి చూపించాడు. ఆ వంపు మీద చెయ్యి వేసి చూస్తే ఎక్కడా మిట్టపల్లాలు తగల్లేదు. అది శిల్పం అని నేను వాడితో అన్నాను. వాడు సిగ్గుపడ్డాడు. నేను ఊరికే అనలేదు.

ఇప్పుడు నేను చివరగా పనిచేసిన బడిలో డ్రాయింగ్ గది లేదు. నేను దిగిపోయిన తర్వాత ఆ కుర్చీలో ఎవరినీ కూర్చోబెట్టలేదు. గదిని కొన్నాళ్లు పాత బెంచీలు వేయడానికి వాడి, తర్వాత వేరే పనికి మార్చారు. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో, ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో నూరుమంది పైగా పిల్లలుంటే కళావిద్యకు పార్ట్‌టైం బోధకుణ్ని పెట్టాలని రాశారు. రాసినందుకు సంతోషం. కానీ పూర్తి ఉద్యోగంగా ఉన్న పని పార్ట్‌టైం ఎందుకైంది? లెక్కల సారును పార్ట్‌టైం అంటే తల్లిదండ్రులు ఊరుకుంటారా? లోయర్, హయ్యర్ పరీక్షలు ఇప్పటికీ పెడుతున్నారు, పిల్లలు ఫీజు కట్టి రాస్తున్నారు. పాసై ఏ బడికి పోవాలని?

ప్రపంచంలో పెద్ద సభలు జరగడం తప్పని నేను అనడం లేదు. వెనిస్‌లో 1895 నుంచి బినాలె జరుగుతోంది. బాసెల్ ఊళ్లో 1970లో గ్యాలరీలవాళ్లు కలిసి మొదలుపెట్టిన సంత ఇవాళ కళావ్యాపారానికి ఇరుసులాంటిదైంది. 2015లో దోహాలో 'ఆర్ట్ ఫర్ టుమారో' అని కళారంగం పెద్దల సదస్సు మొదలైంది, ఆ తర్వాత యూరప్ నగరాలకు మారింది. మన దేశంలో 1968లోనే లలిత కళా అకాడమీ ఢిల్లీలో త్రినాలె పెట్టి ప్రపంచాన్ని పిలిచింది. 2008లో ఢిల్లీలో ఇండియా ఆర్ట్ సమ్మిట్, అదే తర్వాత ఆర్ట్ ఫెయిర్ అయింది. 2012 డిసెంబరులో కొచ్చి బినాలె. మన హైదరాబాద్‌లో కృష్ణాకృతి ఉత్సవం 2004 నుంచి నడుస్తోంది, ఆ ఫౌండేషన్‌వాళ్లు ఫ్రాన్స్ రాయబార కార్యాలయంతో కలిసి మన కళావిద్యార్థులకు అక్కడ చదువుకోవడానికి స్కాలర్‌షిప్పులిస్తారు. మా రోజుల్లో ఫ్రాన్స్ మాట దేవుడెరుగు, బరోడా పోవడానికే పిల్లవాడు ఇంట్లో ఆవును అమ్మాల్సి వచ్చేది. ఆ విషయంలో ఈ కాలం మేలు, ఒప్పుకుంటాను.

2022 ఫిబ్రవరి 15, 16 తేదీల్లో కేంద్ర సాంస్కృతిక శాఖ హైదరాబాద్ పేరు మీద మ్యూజియంల అంతర్జాతీయ సదస్సు పెట్టింది. కరోనా రోజులు, అందుకని చాలామంది తమ ఊళ్ల నుంచే మాట్లాడారు. మా మనవరాలి ల్యాప్‌టాప్‌లో నేను కొంత చూశాను. ఆస్ట్రేలియా, ఫ్రాన్స్, ఇటలీ, సింగపూర్, బ్రిటన్, అమెరికా, ఇంకా ఎక్కడెక్కడివాళ్లో. మ్యూజియం కట్టడం, నడపడం, వస్తువులను కాపాడటం, జనానికి చేరువ చేయడం, ఈ నాలుగు విషయాల మీద మాటలు. నాలుగోది వచ్చినప్పుడు ముందుకు జరిగి కూర్చున్నాను, ఎందుకంటే అది నేను ముప్పై ఏళ్లు చేసిన పని.

యేటా దసరా సెలవుల ముందు పిల్లలను ఆర్టీసీ బస్సులో సాలార్‌జంగ్ మ్యూజియంకు తీసుకుపోయేవాణ్ని. 1951లో నెహ్రూ గారు దాన్ని జనానికి తెరిచారు, మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి 1968లో మార్చారు. నా పద్ధతి ఒకటే. మొత్తం చూడనిచ్చేవాణ్ని కాదు. నేరుగా రెబెక్కా విగ్రహం ముందుకు తీసుకుపోయి కింద కూర్చోబెట్టేవాణ్ని. బెంజోని అనే ఇటలీ శిల్పి చెక్కిన పాలరాయి. ముఖం మీద మేలిముసుగు, ముసుగులోంచి ముఖం. రాయి ఒక్కటే, అయినా పలుచని గుడ్డ కనపడుతుంది. ఎట్లా కనపడుతోందో పెన్సిలుతో కనుక్కోండి అనేవాణ్ని. గంట గడిచేది. ముసుగు అంచు దగ్గర నీడ ఎట్లా సన్నబడుతుందో గీసి చూసుకున్న పిల్లలు ఆ బొమ్మను జన్మలో మరిచిపోరు. మ్యూజియం నుంచి తిరిగొచ్చాక, "మిగతాది ఎప్పుడు సార్?" అని అడిగేవాళ్లు. వచ్చే ఏడు అనేవాణ్ని. వాళ్లు నిజంగానే ఎదురుచూసేవాళ్లు.

ఇప్పుడు బస్సులు మంచివి, రోడ్డు వెడల్పు. పిల్లలు వరుసలో ఒక తలుపులోంచి పోయి ఇంకో తలుపులోంచి వస్తారు. మ్యూజికల్ క్లాక్ గంట కొట్టే వేళకు అక్కడికి చేరుకోవాలి, ఐస్‌క్రీం తినాలి, బస్సెక్కాలి. రెబెక్కా ముందు ఫోటో దిగుతారు, ఆమె వైపు వీపు పెట్టి.

మా ఊరికి దగ్గర్లోనే ఇంకో మ్యూజియం ఉంది, సంగారెడ్డి పాత జైలు. 1796 నాటి కట్టడం. 2016లో దాన్ని మ్యూజియం చేసి, ఐదువందలు కడితే ఒక పగలూ రాత్రీ ఖైదీలా ఉండొచ్చని పెట్టారు. దేశమంతా పేపర్లలో వచ్చింది, విదేశీయులు కూడా వచ్చి ఉండి పోయారు. నాకైతే ఆ గోడల రాళ్లు, కమానులు చూసినప్పుడల్లా పిల్లలకు పర్‌స్పెక్టివ్ నేర్పడానికి ఇంతకంటే మంచి చోటు ఉంటుందా అనిపిస్తుంది. పొడుగాటి వసారా, ఒకే కొలత కమానులు, దూరం పోయేకొద్దీ చిన్నవవుతూ ఒక చుక్కలో కలిసే గీతలు. రెండువందల ఏళ్ల కింద కట్టినవాడు మన పిల్లల కోసమే కట్టినట్టుంటుంది.

పెద్దలు జనం దగ్గరికి వచ్చిన ముచ్చట ఒకటి చెప్పాలి. ఎం.ఎఫ్. హుసేన్ గారు 1960ల చివర్లో హైదరాబాద్‌లో బదరీ విశాల్ పిత్తి గారి ఇంట్లో ఉండి రామాయణం బొమ్మలు గీశారు. అవి జనం మధ్యకు పోవాలన్నది సోషలిస్టు నాయకుడు లోహియా గారి కోరిక. ఆ బొమ్మలను ఎడ్లబండ్ల మీద వేసుకుని పట్నం చుట్టుపక్కల పల్లెలకు తీసుకుపోయామని, పల్లె జనం వాటిని చూసి ఏ తకరారూ లేకుండా తమవిగా తీసుకున్నారని హుసేన్ గారు తర్వాత చెప్పుకున్నారు. అప్పటికే దేశమంతా తెలిసిన చిత్రకారుడు, ఎడ్లబండి వెంట పల్లెకు పోయాడు. బరోడాలోనూ అంతే. అక్కడి ఫైన్ ఆర్ట్స్ విభాగంలో 1961 నుంచి సంత పెట్టేవాళ్లు. సుబ్రహ్మణ్యన్ గారంతటి గురువు పిల్లలతో కలిసి కూర్చుని చెక్కబొమ్మలు, ఆటబొమ్మలు చేస్తే, ఊరివాళ్లు వచ్చి కొనుక్కుపోయేవాళ్లు. లక్ష్మా గౌడ్ గారు చదువుకున్న వాతావరణం అది. కూర్చుని చేసిన చేతుల దగ్గర నేర్చుకున్నవాడు గనుకే ఆయన మట్టితో చేశారు, కంచుతో చేశారు, రేకు మీద గీశారు.

మా రాష్ట్రంలో లలితకళా అకాడమీ ఉండేది. 1983లో మిగతా అకాడమీలతో పాటు దాన్నీ రద్దు చేశారు. కారణాలేవైనా కానీ, ఆ తర్వాత జిల్లాల్లో కళ అన్న మాటకు సర్కారు వైపు నుంచి ఒక తలుపు మూసుకుపోయింది. ఆ జాగాలో పట్నంలో గ్యాలరీలు వచ్చాయి, ఉత్సవాలు వచ్చాయి, మాదాపూర్‌లో స్టేట్ గ్యాలరీ వచ్చింది. అన్నీ మంచివే, అన్నీ పట్నంలోనే. మా కందిలో ఐఐటీ వచ్చింది, అందులో డిజైన్ విభాగం కూడా ఉంది. చౌరస్తా నుంచి అక్కడికి బస్సులో పావుగంట. ఆ పావుగంట దూరంలో ఉన్న బళ్లో పిల్లవాడికి కుండ మూతి ఎందుకు కోలగా ఉంటుందో చెప్పే మనిషి లేడు. నాకు నిద్ర పట్టనిది ఈ ఒక్క సంగతికే.

మొన్నటి జనవరి సభలో ఒక పెద్దమనిషి కొత్త ప్రేక్షకులను ఎట్లా తయారుచేయాలి అని చాలాసేపు మాట్లాడారు. మంచి ప్రశ్న. నేను లేచి చెప్పాలనుకున్నాను, అప్పటికే ఒకసారి లేచాను గనుక ఊరుకున్నాను. ఇక్కడ చెబుతాను. ప్రేక్షకుడు పదకొండో ఏట తయారవుతాడు. ఒక తెల్లకాగితం, ఒక పెన్సిలు, ముందు ఒక కుండ, పక్కన ఒక మాస్టరు. వాడు పెద్దయ్యాక బొమ్మలు వేయకపోవచ్చు. కానీ బొమ్మ ముందు నిలబడితే వాడి కన్ను ఆగుతుంది. ఆ కన్ను లేని ఊళ్లో ఎన్ని బినాలెలు పెట్టినా, ఎన్ని కోట్లకు బొమ్మలు అమ్ముడుపోయినా చూసేవాడెవడు?

ఇంటికొచ్చిన నాలుగో రోజు నా పాత విద్యార్థికి ఫోన్ చేశాను. పిలిచినందుకు ఆశీర్వదించాను. వరండాలో కూర్చున్న నకాషీ ఆయన నంబరు తీసుకున్నానని చెప్పాను. వాడు కాసేపు ఏమీ అనలేదు. "నాకూ కష్టమనిపించింది సార్, నా చేతిల లేదు" అన్నాడు.

"నీ చేతిలో ఉన్నది ఒకటి చెబుతాను వింటావా బిడ్డా?" అన్నాను.

"చెప్పండి సార్."

వచ్చే ఏడు ఆ పెద్దలు వచ్చినప్పుడు రెండు రోజుల్లో ఒక్క పూట నాకు ఇప్పించమన్నాను. బస్సు మాట్లాడటం వాడి పని. లింగంపల్లి, పటాన్‌చెరు, ఇస్నాపూర్ దాటాక రుద్రారం గణేష్‌గడ్డ దగ్గర దండం పెట్టుకునేవాళ్లు పెట్టుకోవచ్చు. కంది దాటితే పోతిరెడ్డిపల్లి చౌరస్తా. అక్కడ నేను నిలబడి ఉంటాను. మా ఇంటి ముందు వేపచెట్టు కింద ఆదివారం పొద్దున ఇరవై మంది దాకా పిల్లలు వస్తారు, ఐదేళ్లుగా వస్తున్నారు, ఫీజు లేదు. నకాషీ ఆయనను ముందు రోజే పిలిపిస్తాను, మా ఇంట్లోనే ఉంటారు. ముప్పై అడుగుల పటానికి మా ప్రహరీ గోడ సరిపోతుంది, కొలిచి చూశాను. మేకులు ఎన్నైనా కొట్టుకోవచ్చు. వచ్చినవాళ్లకు కుర్చీలు ఉండవు, చాపలే. ఒక్కొక్కరికి ఒక అట్ట, ఒక కాగితం, ఒక పెన్సిలు ఇస్తాను. మధ్యలో ఒక కుండ పెడతాను. పిల్లలతో పాటు వాళ్లు కూడా గీయాలి. గీసిన తర్వాత ఏ భాషలో మాట్లాడినా వింటాను.

వాడు రాసుకుంటున్నట్టున్నాడు, అవతల పెన్ను చప్పుడు వినపడింది. "కుండ మామూలుదేనా సార్, మూత ఉన్నదా?" అని అడిగాడు.

మూత లేనిదే అన్నాను. మూతి కనపడాలి.